మామ్మ నోట మిగిలిన పేరు

రామచంద్రపురం,
దుర్ముఖి ఆశ్వయుజ బహుళ విదియ.

మద్రాసులో వైద్యం చదువుతూ ఇంటి సంగతులన్నీ తప్పుగా అర్థం చేసుకుంటున్న పెదబాబుకి మామ్మ దీవెనలు.

నేను నిన్ను పిలవలేదు. ముందు ఆ సంగతి సరిచేసుకో. "మామ్మ అస్తమానం నా పేరే కలవరిస్తోందట, పరీక్ష మానుకుని వచ్చేస్తాను" అని నువ్వు రాసిన ఉత్తరం పోస్టు బుల్లియ్య మన అరుగు మీద నిలబడి చదివాడు. లోపల మంచం మీద పడుకుని విన్నాను. నీ పేరు నేను నీ బారసాలనాడు కూడా పలకలేదు. మీ తాతయ్య పేరు నీకు పెట్టారు గనకే నిన్ను పెదబాబని పిలుచుకున్నాను. ఇరవై రెండేళ్ళు పలకని పేరు ఇప్పుడు నీకోసం పలుకుతానా?

జరిగింది విను. శ్రావణంలో ఒక పొద్దున దొడ్లో గోంగూర కోస్తూ లేవబోయాను. కుడికాలు నాది కాదంది. కుడిచెయ్యి కూడా దానితోనే పోయింది. మూతి ఎడమకి లాగేసింది. పంచాంగంలో ఈ ఏడు దుర్ముఖి అని చదివినప్పుడే నేను అనుమానించవలసింది. మీ నాన్న పరిగెత్తుకొచ్చి "అమ్మా, ఏమైందే?" అన్నాడు. పక్షవాతంలాగుంది, వైద్యుణ్ణి పిలు, అందామని నోరు తెరిచాను. మూడక్షరాలు వచ్చాయి. మీ తాతయ్య పేరు.

నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ పేరు నా పెదవి మీదికి రాలేదు. కొండమీది దేవుడికి కూడా అదే పేరు ఉండబట్టి, ఆయన్ని "ఆ ఏడుకొండలాయన" అంటూ నెట్టుకొచ్చాను. అలాంటిది పదిమంది ఎదుట పాలేరుని కేకేసినట్టు కేకేశాను. అప్పట్నించీ ఏం అనబోయినా అదే వస్తుంది. నీళ్ళు అందామంటే అదే. ఈగ వాలింది తోలండంటే అదే. మాట లోపల సరిగానే తయారవుతుంది. గడప దాటేటప్పటికి ఆ వేషం వేసుకుంటుంది.

ఇంట్లో ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకుంటున్నారు. మీ నాన్న సత్తియ్య, మనవడి మీద బెంగ అంటాడు. మీ అమ్మ సంపూర్ణమ్మ, అత్తయ్యగారి మీదికి చిన్న తిరుపతి స్వామి దిగాడంటుంది. మీ తాతయ్య ఏమీ అనడు. పిలిచినప్పుడల్లా వస్తాడు. "ఏంటే?" అంటాడు. నేను మళ్ళీ ఆ మూడక్షరాలే అంటాను. ఆయన తల వంచుకుని పోతాడు. పక్కింటివాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుంటారు.

వైద్యుడు రెండు పావురాలని కోసి ఆ నెత్తురు నా చేతికి రాశాడు. పావురాలు పోయాయి, చెయ్యి కదల్లేదు. తర్వాత దేవుడు దిగాడని తేలాక ఆ వైద్యం కూడా మానేశారు.

మరి రాసి చూపించొచ్చు కదా అంటావు. మా నాన్న వీధిబడి పంతులు కావడంవల్ల ఈ ఇంట్లో అక్షరాలు వచ్చినది నాకొక్కదానికే. ఎడమచేత్తో రాయడం రెండు నెలల్లో నేర్చుకున్నాను. మొదటి కాగితం మీ అమ్మకిచ్చాను. ఎడమచేతి రాత అత్తయ్యగారిది కాదు, స్వామి రాయించినదే అని కళ్ళకద్దుకుంది. అది చుట్టి తాయెత్తులో పెట్టి ఎదురింటి పసివాడి మొలకి కట్టారు. దాని మీద ఉన్నది "పప్పులో ఉప్పు లేదు" అని.

నువ్వు రావద్దు. నీ పెద్ద డాక్టర్లని ఒక్కటి అడుగు. పోయిన మాట తిరిగి వస్తుందా, రాదా? రాదంటే రాదనే రాయి. నన్ను బుజ్జగించకు.

ఈ ఉత్తరానికి పదకొండు రోజులు పట్టింది. ఇదీ తాయెత్తులోకి పోకుండా మీ తాతయ్య తలపాగాలో దాక్కుని పోస్టుకి వెళుతోంది. నీ జవాబు కూడా ఆ దారినే నాకు చేరాలి.

మామ్మ
అచ్చాయమ్మ


మద్రాసు,
2 నవంబరు 1896.

మామ్మ పాదాలకి పెదబాబు దణ్ణాలు.

నీ ఉత్తరం చూసి ఏడ్చాను. నా గదిలో ఉన్న ఇద్దరికీ చదివి వినిపిస్తే వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. నువ్వు ఒప్పుకోవు గానీ, నాకు తెలిసిపోయింది. నలభై ఎనిమిదేళ్ళు గుండెలో దాచుకున్న ప్రేమ మామ్మా అది! అన్ని మాటలూ పోయినా తాతయ్య పేరు మాత్రం మిగిలిందంటే వేరే అర్థం ఏముంటుంది?

పెద్ద డాక్టరుగారిని అడిగాను. మాటని నడిపించే చోటు మెదడులో ఎడమవైపు ఉంటుందట. అక్కడికి నెత్తురు అందక ఆ చోటు ఎండిపోయింది. ఎడమవైపే కుడి చేతిని, కుడి కాలిని కూడా నడిపిస్తుంది గనక అవీ పోయాయి. ఎండిన చోటు మళ్ళీ చిగురించదు. కానీ కాలవ పూడిపోతే మనం పక్కనించి బోదె తవ్వి చేలోకి నీళ్ళు మళ్ళిస్తాం కదా, అలాగే మెదడులో బాగున్న భాగాలకి ఆ పని నేర్పొచ్చునని ఆయన నమ్మకం. పసిపిల్లకి నేర్పినట్టు నేర్పాలి. కంఠతా వచ్చిన వారాలు, ఎక్కాలు, పాటలు వేరే దారిలో వస్తాయట. వాటితో మొదలుపెట్టాలి. చేతి పని చేతి చేతనే చేయించాలి, రోజుకి వంద సార్లు. మొదటి నెలలు పోగొట్టుకోకూడదు అన్నారు.

ఇవన్నీ నాన్నకి విడిగా రాశాను. నువ్వు నిశ్చింతగా ఉండు. పరీక్ష ఫిబ్రవరిలో. అది రాసే వస్తాను.

నీ మనవడు
వెంకన్న


రామచంద్రపురం,
దుర్ముఖి కార్తీక శుద్ధ ద్వాదశి.

పెదబాబుకి, వాడి గదిలో ఏడ్చిన మిగతా ఇద్దరికీ మామ్మ దీవెనలు.

ప్రేమ అన్నావు. ఈగరా. నా ముక్కు మీద వాలిన ఈగ. నలభై ఎనిమిదేళ్ళు దాచుకున్నదేదో నీకు నేను చెప్పను. అది దాచుకోవడానికే గనక. కానీ ఆ పిలుపు మాత్రం ఈగ గురించి.

నిశ్చింతగా ఉండమన్నావు. మామ్మ చేత పాట పాడించండి అని నువ్వు మీ నాన్నకి రాశావు. బుల్లియ్య సరిగానే చదివాడు. మీ అమ్మ మాత్రం మామ్మకి పాట వినిపించమన్నావని విన్నది. ఆ వారంనించీ భజన. పదకొండుమంది. తాళాలు, మద్దెల. నా మంచం చుట్టూ కూర్చుంటారు. నేను లోపలినించి ఒక్క మాట లాగబోయేసరికి మద్దెల దాన్ని తొక్కేస్తుంది. దేవుడు దిగినచోట నీచు వండకూడదని చేపలు మానేశారు. చేపల పాపాయిని వీధి మొగలోనే తిప్పి పంపేస్తున్నారు. అరవై ఏళ్ళు వచ్చాక నేను బీరకాయ తిని బతుకుతున్నాను.

ఇది నవ్వుకోడానికి రాయడంలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను, కానీ నన్ను లేనిదానిగా చూస్తున్నారు. నా ఎదురుగా కూర్చుని నా గురించి మాట్లాడుకుంటారు. మొన్న మీ అమ్మ నా తల దువ్వుతూ, "అత్తయ్యగారికి నొప్పీ బాధా తెలియవండి, అంతా స్వామే చూసుకుంటాడు" అని ఎవరితోనో చెపుతూ చిక్కు పట్టి లాగింది. తెలిసింది. అరిచాను. అరిస్తే అందరూ దణ్ణం పెట్టారు. అన్నం కలిపి పెడతారు, నీళ్ళు పట్టిస్తారు, పక్కకి తిప్పుతారు. నా చెయ్యి చేయవలసిన పని ఏదీ దానికి మిగల్చరు. మీ అమ్మ చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు తేలికగా ఉండేది.

పుష్యమాసంలో, నూర్పులు అవగానే, నన్ను బండెక్కించి గోదావరి దాటించి చిన్న తిరుపతి తీసుకెళతారట. అక్కడ సత్రంలో మండలం రోజులు ఉంచుతారట. నలభై రోజులు! అక్కడ వచ్చేపోయే ప్రతివాడికీ నేను స్వామి పేరు పలికే ముసలమ్మని. నాకు నీళ్ళు కావాలో, నడుం పట్టేసిందో ఎవరికీ తెలియదు. నువ్వు చెప్పిన మొదటి నెలలు అక్కడే తెల్లారిపోతాయి. వెళ్ళను. కానీ వెళ్ళనని చెప్పాలంటే ఒక్క మాట కావాలి. వద్దు. ఆ మాట బండి కట్టేలోపు రావాలి.

నీ డాక్టరు చెప్పింది కొంత నిజమేరా. భజనవాళ్ళు వెళ్ళాక నోట్లోనే అనుకుని చూశాను. ఒకటి అన్నానంటే పది దాకా వాటంతట అవే వస్తున్నాయి, కానీ మధ్యలో ఆగడానికి లేదు. గురువారం అనాలంటే ఆదివారంనించి బయల్దేరాలి. మొదటిసారి గురువారం అన్ననాడు శుక్రవారం, శనివారం కూడా దొర్లుకుంటూ వచ్చేశాయి. చిన్నప్పటి వీధిబడి మొత్తం లోపల చెక్కు చెదరకుండా ఉంది. అయితే ఏ ఎక్కంలోనూ, ఏ పాటలోనూ వద్దు అనే మాట లేదు. ఆడపిల్లకి నేర్పే పాటల్లో అది ఎందుకుంటుంది?

చేతి సంగతి మీ తాతయ్యకి అప్పగించాను. ఆయన పిలిస్తే వస్తాడు కదా, వచ్చినప్పుడు పళ్ళెంలో చింతపిక్కలు చూపించాను. అర్థం చేసుకున్నాడు. నా వేళ్ళ మధ్య ఒక పిక్క పెడతాడు. జారిపోతుంది. మళ్ళీ పెడతాడు. విసుక్కోడు. నారు వేసినవాడికి విసుగుండదేమో.

నువ్వు మీ నాన్నకి ఒక్కటి రాయి. ప్రయాణం వద్దు అని. అలంకారాలు లేకుండా, బుల్లియ్య చదవగానే అర్థమయ్యేట్టు.

బీరకాయ మామ్మ


మద్రాసు,
28 నవంబరు 1896.

మామ్మకి దణ్ణాలు.

తప్పు జరిగిపోయింది మామ్మా. నీ ఉత్తరం అందేసరికి నాన్న అడిగినదానికి జవాబు పోస్టులో వేసేశాను. "అమ్మని కొన్నాళ్ళు వేరే ఊరు తీసుకెళ్ళొచ్చా?" అని ఆయన రాయించాడు. చిన్న తిరుపతి అని ఒక్క ముక్క లేదు. గాలి మార్పు ఎప్పుడూ మంచిదే, తప్పక తీసుకెళ్ళండి అని రాశాను. పైగా డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారని రాశాను.

వెంటనే వద్దని ఇంకొకటి రాశాను. దానికి నాన్న దగ్గర్నించి నిన్న జవాబు వచ్చింది. "మొదట రాసింది డాక్టరు మాట, రెండోది నీ బెంగ. అమ్మకి మంచిదేదో మాకు తెలుసు" అన్నాడు. ఏం చేయాలో తోచడంలేదు. వచ్చేయమంటావా?

వెంకన్న


రామచంద్రపురం,
దుర్ముఖి పుష్య శుద్ధ సప్తమి.

గాలి మార్పు డాక్టరుకి మామ్మ దీవెనలు.

నిన్ను రమ్మనలేదు, రాకపోవడమే మంచిదైంది. వస్తే నువ్వే మాట్లాడేసేవాడివి.

పంచమినాడు పొద్దున్నే బండి కట్టారు. గడ్డి పరిచి, పైన బొంత వేసి నన్ను ఎత్తి కూర్చోబెట్టారు. వీధంతా వచ్చింది. కొబ్బరికాయలు కొడుతున్నారు. ఆ నెలన్నర్రోజులూ వద్దు అనే మాట కోసం నేను చేయని పని లేదు. "వ" దగ్గరికి వచ్చేదాన్ని, పెదవి పంటికి తగిలేది, అక్కడినించి జారి ఆ మూడక్షరాల్లోనే పడేదాన్ని. బండి కదిలింది. అరిచాను. మీ తాతయ్య పేరే.

ఆయన వచ్చి ఎద్దుల ముందు నిలబడ్డాడు.

"దింపండి. రానంటోంది."

మీ అమ్మ తలుపు చాటునించి, "మావయ్యగారండీ, అత్తయ్యగారు స్వామిని పిలుస్తున్నారండి" అంది.

"స్వామినీ కాదు, నన్నూ కాదమ్మా. ఇది వద్దు పిలుపు. మజ్జిగ పిలుపైతే చివర సాగుతుంది. కాలు తిమ్మిరెక్కితే నడుమ తెగుతుంది. ఇది మొదట్లోనే గట్టిగా కొడుతోంది, వినపడ్డంలేదా?"

"అన్నీ ఒకటేగా నాన్నా," అన్నాడు సత్తియ్య.

"నీకు ఒకటిరా. నాకు పద్నాలుగు."

పెదబాబూ, నలభై ఎనిమిదేళ్ళు మాటల్తో చెపితే వినని మనిషి. వంకాయ తెమ్మంటే దొండకాయ తెచ్చిన మనిషి. ఒక్క మాటే మిగిలాక కూర్చుని దాన్ని పద్నాలుగుగా విడగొట్టుకున్నాడు.

మీ నాన్న వినేలా లేడు. ముహూర్తం దాటిపోతోందన్నాడు. తండ్రీ కొడుకులు ఎద్దుల ముట్టెతాళ్ళు చెరోవైపు పట్టుకున్నారు. ఆ గొడవలో పాపాయి చేపలగంప నెత్తిన పెట్టుకుని జనంలోకి దూరింది.

"ఏంటండీ, అమ్మగోరిని ఎక్కడికి తోలేత్తన్నారు? నేను మూణ్ణెల్లు ఈ వీదిలోకి రాకపోతే ఇంత పనైందా?" అంటూ గంప తెచ్చి బండి పలక మీద, సరిగ్గా నా ముక్కు కింద దింపింది. "చూడండమ్మగోరూ, బొమ్మిడాయిలు. ఇందాక వలలోంచి తీసినవే."

ఇందాకటివి కావవి. నిన్న పొద్దుటివి కూడా కావు. ముప్ఫై ఏళ్ళుగా నాతో అబద్ధమాడుతూనే ఉంది అది. ముప్ఫై ఏళ్ళుగా నేను పట్టుకుంటూనే ఉన్నాను. ఏ ఆలోచనా లేకుండా నోటిలోంచి వచ్చేసింది.

"కంపు!"

కొబ్బరికాయ ఎత్తినవాడు ఎత్తిన చెయ్యి అలాగే ఉంచాడు. పాపాయి నడుం మీద చెయ్యేసుకుని, "ఇన్నారా? దేవుడైతే నా చేపని కంపంటాడా? అమ్మగోరే ఈవిడ! దింపండి, దింపండి!" అని నవ్వడం మొదలెట్టింది. అది నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, మూతి వంకరగానే. ఆ నవ్వులోనే వద్దు కూడా వచ్చింది. ఒక్కసారి కాదు, తొమ్మిదిసార్లు. ఆపలేకపోయాను. మీ నాన్న తాడు వదిలేశాడు. మీ అమ్మ అక్కడే గడపలో కూలబడి, "అత్తయ్యగారండీ, నొప్పి తెలిసేదా మీకు?" అని అడిగింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

భజన మానేశారు. చేపలు మొదలెట్టారు. అవి పాపాయి అంటగట్టిన బొమ్మిడాయిలే. తినేశాను.

రెండు మాటల మామ్మ


మద్రాసు,
22 జనవరి 1897.

మామ్మకి సంతోషంతో దణ్ణాలు.

నీ ఉత్తరం పెద్ద డాక్టరుగారికి ఇంగ్లీషులో చెప్పాను. పాపాయిని మా ఆస్పత్రిలో నర్సుగా వేయమన్నారు. ఇప్పుడు కొత్త మాటలు రోజుకొకటి చొప్పున నేర్చుకో. ఒక్క జాగ్రత్త చెప్పారు. ఆ పాత మాట ఇంకా అడ్డుపడుతూ ఉంటుంది. అది నోటికి వచ్చినప్పుడల్లా పెదవి బిగించి ఆపెయ్యి. దాన్ని అణిస్తేనే మిగతావి వస్తాయి. తాతయ్యని కూడా ఆ పిలుపుకి పలకవద్దని చెప్పమన్నారు.

పరీక్షకి పదిహేను రోజులుంది.

వెంకన్న


రామచంద్రపురం,
దుర్ముఖి ఫాల్గుణ శుద్ధ దశమి.

పరీక్ష బాగా రాశానని తనే చెప్పుకుంటున్న పెదబాబుకి మామ్మ దీవెనలు.

ఆ మాట అణచమన్నావు. అణిచాను. డాక్టరుకి తెలిసింది మెదడు ఒక్కటే అని అప్పుడు నాకు తోచలేదు. పెదవి బిగించాను, నాలిక కొరుక్కున్నాను. ఆయన్ని పలకవద్దన్నాను. ఆయన పలకలేదు. నెల తిరిగేసరికి అరవై మూడు మాటలు వచ్చాయి. లెక్క మీ అమ్మే పెడుతోంది, తలుపు మీద పసుపు బొట్లతో. ఉప్పు, మజ్జిగ, పొమ్మను, పడుకో. కర్ర పట్టుకుని వంటింటి దాకా వెళుతున్నాను. ఆ మూడక్షరాలు మాత్రం పోయాయి. ఊరికే పోలేదు, నోట్లో వాటి చోటే లేకుండా పోయింది.

బాగుపడ్డాననుకున్నాను. అప్పుడు చూశాను మీ తాతయ్యని. అప్పటికి నాలుగు రోజులుగా పశువుల పాకలోనే కూర్చుంటున్నాడు. చింతపిక్కల వేళకి వస్తాడు, పెడతాడు, పోతాడు. ఏంటి అంటే ఏం లేదంటాడు. చివరికి పోయినవారం ఒక మధ్యాహ్నం చెప్పాడు, గోడవైపు తిరిగి.

"మా అమ్మ పోయాక నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరే. అన్నయ్యలూ పోయారు. ఊరికి కాపుగారిని, వీళ్ళకి నాన్నని, తాతని. నువ్వు మంచంలో పడి పిలిచినన్నాళ్ళూ మొదట సిగ్గేసింది. తర్వాత బాగుండేది. ఒక్కసారి పిలవరాదూ?"

పిలుద్దామనే నోరు తెరిచాను రా. "ఇదిగో" అని వచ్చింది. మళ్ళీ చూశాను. "ఏమండీ" అని వచ్చింది. ఆ నెలలన్నీ ఆ ఒక్క మాటలో పడి బయటికి రాలేకపోయాను. ఇప్పుడు దాని బయట పడి లోపలికి వెళ్ళలేకపోతున్నాను. మూడు రోజులు ప్రయత్నించాను. నా సిగ్గే అడ్డుపడుతోందో, నీ డాక్టరు వైద్యమే అడ్డుపడుతోందో నాకు తెలియడంలేదు. ఆయన కంగారుపడి, "పోనీలే, వదిలెయ్, మళ్ళీ ఒంటిమీదికి తెచ్చుకోకు" అన్నాడు. అనేసి అక్కడే కూర్చున్నాడు, లేవలేదు.

నా ఎదురుగా పళ్ళెంలో అక్కుళ్ళ బియ్యం ఉన్నాయి, వేళ్ళు ఆడించుకోడానికి. ఆయన వాటికేసి చూసి, "రాస్తే ఎలా ఉంటుందే అది?" అని అడిగాడు. డెబ్భై ఏళ్ళు మోసిన పేరు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. చూపించేది నేనే, కానీ ఎడమచేత్తో ఆ పేరు రాయను. కుడిచెయ్యి కదలదు. ఆయన చెయ్యి కదులుతుంది, దానికి అక్షరాలు రావు.

నా కుడి చూపుడువేలు పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. "పైకి" అన్నాను. తోశాడు. "చుట్టు. ఆగు. కిందికి." నా అరవై మూడింటిలో అవన్నీ ఉన్నాయి. పక్కన సున్న చుట్టేటప్పుడు ఆయన మరీ పెద్దది చుట్టేశాడు, గుమ్మడికాయంత. ఇద్దరం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాం. చివరి అక్షరం కింద వత్తు దగ్గరికి వచ్చాక నేను ఏమీ చెప్పకముందే, ఆయన తొయ్యకముందే, నా వేలు తనంతట తాను కదిలింది. ఒక్క గింజ మందం. నీ డాక్టరుకి గింజ చిన్నదే అని చెప్పు, అక్కుళ్ళు సన్నం. కానీ కదిలింది. ఆయనా చూశాడు.

ఏం రాశామో నీకు నేను రాయను.

మర్నాటికి కోడి వచ్చి మొత్తం మేసేసింది. ఆయనకి ఎంత కోపం వచ్చిందంటే దాన్ని కోసేయమన్నాడు. గుడ్లు పెట్టే కోడిరా అది. అందుకని నువ్వు సెలవులకి వచ్చేటప్పుడు చెక్క చట్రం ఉన్న రాతిపలక ఒకటి కొని తీసుకురా. వెడల్పుది చూడు, రెండు చేతులు పట్టాలి. పోస్టులో వెయ్యకు, పగులుతుంది. పంచెల మధ్య పెట్టుకో. బలపాలు పన్నెండు, మెత్తవి. గట్టివి కీచుమంటాయి, ఆయనకి పళ్ళు పులుస్తాయి. వాటిని గుడ్డలో విడిగా చుట్టు. కొనేముందు ఒకటి పలక మీద గీసి చూసుకో.

మామ్మ
అచ్చాయమ్మ